పదో మాటకు మనిషి

మొదట నా చేతిలో ఏముందో చెప్తాను. మా యూదుల ఊళ్ళో ఇటుక గోడలు, రేకుల కప్పు ఉన్న సమాజమందిరం ఒకటి. అందులో కర్రపెట్టెలో, కొండమీది పెద్ద మందిరం వాళ్ళు అరువిచ్చిన తోరా, అంటే మా ధర్మశాస్త్రం రాసిన తోలు చుట్ట ఒకటి. దాన్ని తెరిచి చదవాలంటే ఎదిగిన మగవాళ్ళు పదిమంది ఎదురుగా ఉండాలి. మా ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మాత్రం అంకె చెప్పను. మాలో మనుషుల్ని లెక్కపెట్టడం అరిష్టం. గోతాలు లెక్కపెట్టొచ్చు, తేనె డబ్బాలు లెక్కపెట్టొచ్చు, మనుషుల్ని కూడదు.

అంకె వెయ్యకుండా లెక్క తేల్చడానికి కీర్తనల్లో ఒక వచనం ఉంది. నీ ప్రజను రక్షించు అని మొదలవుతుంది. హెబ్రీలో సరిగ్గా పది మాటలు. ఒక్కో ముఖం చూసి ఒక్కో మాట అనాలి. తొమ్మిదో మాటకు ‘వరకు’ అని అర్థం, పదో మాటకు ‘యుగాలు’ అని. మా పదో మనిషి జెబూలూను రాజధాని కంపాలాలో లారీ నడపడానికి పోయిన దగ్గర్నుంచి, ప్రతి శనివారం మా వచనం ‘వరకు’ దగ్గర ఆగిపోయేది. ఎంతవరకో చెప్పడానికి మనిషి లేడు.

వ్యాపారంలో ఒకటి తక్కువైతే ధర తగ్గించి అమ్ముకుంటాం. దేవుడి దగ్గర ఆ సర్దుబాటు లేదు. చుట్ట పెట్టెలోనే ఉండిపోయింది.

ఇంతలో కొండమీంచి ఫోను వచ్చింది. చేసింది హుల్దమ్మ. చుట్టల మంచిచెడ్డలు చూసే పెద్దావిడ.

"నెహెమ్యా, మీ ఊళ్ళో చుట్ట మూతపడి ఉందట గదా? పూరీము పండగ ముందు వచ్చే శనివారం సబ్బాతుకి నేనే వస్తాను. ఏడాదిలో ఆ రోజు పఠనం తప్పకూడదు. వచనం నిండితే సరే. నిండకపోతే పండగ కాగానే చుట్టని వేరే ఊరికి ఇస్తాం. అక్కడ మనుషులున్నారు, చుట్ట లేదు."

"మగవాళ్ళెవరూ తోడు రారా అమ్మా?"

"మగవాణ్ణి పంపితే అతన్నే పదో మనిషిగా నిలబెట్టేస్తావని తెలుసురా. అందుకే నేనొస్తున్నాను."

కొండమీద ఆడవాళ్ళను ఎప్పుడో లెక్కలోకి తీసుకున్నారు. మా ఊళ్ళో తీసుకోలేదు. కారణం ఓబద్యా. వరసకు నాకు అన్న, మందిరానికి పెద్ద. "నియమం మోసే భుజమే లెక్కకొస్తుంది. నియమాలన్నీ మోసేది మేం. ఆడవాళ్ళు వండిపెడితే చాలు" అనేవాడు. మా ఆవిడ దీనా ఆ మాట విన్నప్పుడల్లా, "మోస్తారు, మోస్తారు. వండినదంతా పొట్టలోనేగా మోసేది" అనేది. గోడకివతల నాతో అనేది, అవతల ఓబద్యాకు వినపడేది.

చుట్ట పోతే నాకేం నష్టం అంటారా? మా దేశాన్ని ఒక సైనికాధికారి ఏలిన రోజుల్లో మా ప్రార్థనల మీద నిషేధం. మా నాన్న ప్రార్థన పుస్తకాన్ని జొన్నల గాదెలో దాచి, శుక్రవారం సాయంత్రాలు తలుపేసుకుని గొణుక్కునేవాడు. ఈ ఊరి గోడల మధ్య తోరా చదువుతుంటే వినాలని ఆయన కోరిక. వినకుండానే పోయాడు. ఆ చుట్టను కొండమీంచి మోటారు సైకిలు వెనక కూర్చుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చింది నేను. తెచ్చినవాణ్ణే తిరిగి పట్టుకెళ్ళి ఇవ్వమంటే కాళ్ళు కదులుతాయా?

అప్పుడు నాకు డాక్టరు ఎలియాకీము కిర్యా దొరికాడు. ఎంబాలే పట్నం బజారులో నా దుకాణానికి తేనె కోసం వచ్చాడు. కొండమీది మనవాళ్ళ అబ్బాయే. ఊరూరా తిరిగి జనానికి షుగరు జబ్బు ఎలా వస్తోందో పరిశోధన చేస్తున్నాడు. మనిషి నీరసంగా ఉన్నాడు.

"ఏం బాబూ, మీకే షుగరా?"

"కాదు బాబాయ్, ఈ జనం. రాత్రి తిన్నాక పొద్దున రక్తం ఇచ్చేదాకా ఏమీ తినొద్దంటాం. సరే అని తలూపుతారు. తీరా చూస్తే టీ తాగి, పక్కన రొట్టె తిని వస్తారు. అడిగితే, టీ తిండి కాదు, రొట్టె టీతో వచ్చింది అంటారు. పరగడుపు రక్తం లేకుండా నా చదువు ముందుకు పోదు."

నేను తక్కెడ దించేశాను. ఇతనికి పరగడుపు మనుషులు కావాలి, నాకు ఒక మనిషి కావాలి. ఇంత సూటి బేరం నా జన్మలో తగల్లేదు.

"వచ్చే గురువారం ఏంటో గుర్తుందా బాబూ? ఎస్తేరు ఉపవాసం. మా ఊళ్ళో తెల్లవారుజాము నుంచి చుక్కలు పొడిచేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. మీరు బతిమాలక్కర్లేదు. దేవుడే కట్టేసి ఉంచుతాడు."

డాక్టరు కళ్ళు మెరిశాయి. "ఇరవై మంది దొరుకుతారా?"

డాక్టర్లకు అరిష్టం భయం లేదు. నేను మాత్రం మనసులో వచనాలతో లెక్క వేసుకున్నాను. మగవాళ్ళు ఒక మాట తక్కువ వచనం. ఆడవాళ్ళు, పాలిచ్చే తల్లులు పోగా, ఒక మాట ఎక్కువ వచనం. కలిపితే సరిగ్గా రెండు వచనాలు. "దొరుకుతారు. బదులు మీరు శనివారం మా మందిరంలో నిలబడాలి."

"ఇరవై నిండితే శుక్రవారం ఇంకో ఊరికి పోయే పనే ఉండదు. సబ్బాతు మీ ఇంట్లోనే బాబాయ్. నిండకపోతే మాత్రం మిగిలినవాళ్ళ కోసం అక్కడికి పోవాలి, సబ్బాతు నాడు ప్రయాణం కూడదు గనక అక్కడే ఉండిపోవాలి."

చేతులు కలిపాం. ఊరికొచ్చి చెప్పగానే ఓబద్యా ఛాతీ పెరిగింది. "మన ఉపవాసం ఎలాంటిదో ఇక సర్కారుకూ తెలుస్తుంది" అన్నాడు.

గురువారం పొద్దున్నే మందిరం ముందు బల్ల వేశారు. డాక్టరుతో నర్సు అపియో వచ్చింది. ఆవిడ మనవాళ్ళ మనిషి కాదు, కాని పనిలో మెరిక. ఇష్టముంటేనే ఇవ్వండి, ఇష్టం లేకపోతే లేచిపోవచ్చు, ఎవరి ఫలితం వాళ్ళకే చెప్తాం అని అందరికీ వివరంగా చెప్పింది. ముందు వేలు గుచ్చి చిన్న మిషనులో చూస్తుంది. పరగడుపైతే మోచేతి మడతలో రక్తం తీసి, దూది పెట్టి పట్టీ వేసి, ఒక రొట్టె పొట్లం ఇస్తుంది. కాకపోతే నెమ్మదిగా చెవిలో, "ఇవాళ కుదరదండీ" అని పంపిస్తుంది.

రహస్యం బాగానే కాపాడింది. కాని చేతికి దూది ఉందా లేదా అన్నది చెవిలో చెప్పే సంగతి కాదుగదా.

మగవాళ్ళలో ముందు కూర్చున్నది నేను. ఊరికి ఆదర్శంగా ఉండాలని. వేలు గుచ్చింది, మిషనులో పెట్టింది, మిషను కూతపెట్టింది. దాన్ని ఒకసారి చూసి, నన్నొకసారి చూసింది.

"అయ్యా, మీకు కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదమ్మా."

"వాంతి?"

"లేదు."

"డాక్టర్! అంకె దాటిపోయింది. ఈయన కూర్చుని మాట్లాడుతున్నాడు!"

డాక్టరు పరుగెత్తుకొచ్చి నా వేలు పట్టుకున్నాడు. వదిలించుకోవడానికి రెండుసార్లు లాగాల్సి వచ్చింది. వాసన చూశాడు.

"బాబాయ్, ఇది తేనె."

సంగతేమిటంటే ఆ పొద్దున ఎల్గన్ పర్వతం వాళ్ళు తేనె దించారు. రుచి చూడకుండా సరుకు కొనేవాడు వ్యాపారి కాడు. డబ్బాకొక వేలు. డబ్బాలు ఎక్కువ వచ్చాయి, అది నా తప్పు కాదు. రుచి చూడటం వృత్తి, తినడం వేరు. ఇప్పటికీ నా వాదన అదే. సబ్బు పెట్టి చెయ్యి కడిగి, ఇంకో వేలు గుచ్చారు. మిషను నా వాదనతో ఏకీభవించలేదు.

"ఇవాళ కుదరదండీ" అంది అపియో.

తర్వాత సైకిళ్ళు బాగుచేసే నఫ్తాలి. అతనూ దూది లేకుండా వచ్చాడు. "చెరుకు నమిలాను, మింగలేదు. పిప్పి మొత్తం ఉమ్మేశాను గదా!" అని నాతో మొత్తుకున్నాడు. రసం ఎటు పోయిందో నేను అడగలేదు. ఆ తర్వాతివాడు, ఆ తర్వాతివాడు... మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మోచేతులు కిందికి దాచుకుంటూ వచ్చి మామిడిచెట్టు కింద చేరారు. ఒకడు మందు వేసుకోవడానికి టీ తాగాడట. ఏం మందు అంటే, టీ లేకపోతే వచ్చే తలనొప్పికి టీనే మందట.

చివర ఓబద్యా కూర్చున్నాడు. అపియో ఏం చెప్పిందో వినపడలేదు. ఆయన మాత్రం గట్టిగా, "మీ మిషను పాడైంది!" అని లేచి, మందిరం వెనక్కి చరచరా వెళ్ళిపోయాడు.

ఇక ఆడవాళ్ళు. దీనా ముందు. మిషను నోరెత్తలేదు. దూది, పట్టీ, రొట్టె. తర్వాతావిడ. దూది, పట్టీ, రొట్టె. నీళ్ళు కూడా ముట్టలేదేమో, రక్తనాళం వెతకడానికే అపియోకు తల ప్రాణం తోకకొచ్చింది. అయినా వచనం నిండింది, పైన ఒక మాట.

"ఇప్పుడు రొట్టె తినండమ్మా, కళ్ళు తిరుగుతాయి" అంది అపియో.

"చుక్కలు పొడవాలి తల్లీ" అంది దీనా. రొట్టెలన్నీ చాప మీద వరసగా పేర్చి, చుట్టూ కూర్చున్నారు.

అపియో నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏం ఊరండీ ఇది! తినొద్దన్నవాళ్ళు తిన్నారు, తినమన్నవాళ్ళు తినరు."

దీనా మామిడిచెట్టు వైపు తిరిగి, "నియమాలు మోసే భుజాలు బాగున్నాయా? నొప్పిగా ఉంటే నీడలో కూర్చోండి" అని కేకేసింది. ఆడవాళ్ళ నవ్వుకు కోళ్ళు లేచిపోయాయి.

నేను ఓబద్యాను వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాను. పనసచెట్టు దగ్గర ఉన్నాడు. చేతిలో కత్తి. పచ్చి పనసకాయ తొడిమ కోసి, కారుతున్న జిగురును మోచేతికి పూసుకుంటున్నాడు.

"అన్నా! ఏంటిది?"

"నోరు ముయ్యి. నీ ఇంట్లో దూది ఉందా?"

"దిండులో ఉంది."

"పట్రా."

అడ్డుపడదామనుకున్నాను. మళ్ళీ ఆలోచించాను. మగవాళ్ళలో ఒక్కడికైనా దూది ఉంటే ఊరి పరువు కాస్త నిలుస్తుంది. పోయేది పిడికెడు దూది. తెచ్చిచ్చాను. తీరా అతికించాక చూస్తే మోచేతికి బయటివైపు అతికించుకున్నాడు.

"లోపలివైపన్నా, మడతలో. అక్కడ ఎముకే గాని రక్తం ఎక్కడుంది?"

పీకబోయాడు. పనసజిగురు కదా, చర్మం వచ్చింది గాని దూది రాలేదు. "పోనీ, రెండో చేతికి సరిగ్గా పెడతాను" అన్నాడు. పెట్టాడు. అలా రెండు చేతులకూ దూదితో, రెక్కలు విచ్చిన కొంగలాగా ముందుకొచ్చాడు. ఆడవాళ్ళు ఒక్క క్షణం చూశారు. మళ్ళీ రొట్టెల వైపు తిరిగి బుద్ధిగా కూర్చున్నారు. దానికే నాకు భయం వేసింది.

డాక్టరు పెట్టె సర్దుకున్నాడు. "సగం కాస్త దాటింది బాబాయ్. మిగిలినవాళ్ళ కోసం రేపు అవతలి ఊరికి పోక తప్పదు. ఏమనుకోకు."

"తేనె డబ్బా ఉచితంగా ఇస్తాను బాబూ."

"వద్దు, దాన్ని చూస్తేనే నాకు మిషను కూత వినపడుతోంది."

బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. దాంతోపాటు నా పదో మాటా పోయింది.

శుక్రవారం పొద్దుగుంకకముందే హుల్దమ్మ దిగింది. ఆ సరికి ఓబద్యా పగలంతా సబ్బు, బూడిద, గోళ్ళు అన్నీ వాడి చూశాడు. దూది కదల్లేదు. నూనె రాయాలని ఎవరైనా చెప్పేవాళ్ళే, కాని చెప్పాలంటే అది జిగురని ముందు అతను ఒప్పుకోవాలి. దీపాలు వెలిగించారు, సబ్బాతు వచ్చేసింది. సబ్బాతు నాడు ఒంటిమీది వెంట్రుక పీకడం నిషిద్ధం. ఇక శనివారం చుక్కలు పొడిచేదాకా ఆ దూది అతనిది, అతను ఆ దూదివాడు.

పొద్దున మందిరంలో అందరం నిలబడ్డాం. మగవాళ్ళం ముందు, ఆడవాళ్ళు వెనక. హుల్దమ్మ ఒక్కొక్క ముఖం చూస్తూ ఒక్కొక్క మాట అంది. నా దగ్గర, నఫ్తాలి దగ్గర, అలా చివరికి ఓబద్యా దగ్గరికొచ్చింది. ‘వరకు’ అంది. ఆగింది. పక్కన గోడ ఉంది, మనిషి లేడు.

నేను పెట్టె వైపు చూశాను. మా నాన్న గాదె గుర్తొచ్చింది.

హుల్దమ్మ ఓబద్యా చేతుల వైపు చూసింది. "ఇదేంటి? నువ్వు గూడా రక్తమిచ్చావా?"

ఓబద్యా రెండో చెయ్యి వెనక్కి దాచబోయాడు.

"రెండు చేతులా!" అంది హుల్దమ్మ, కళ్ళు పెద్దవి చేసి. "ఉపవాసముండి, నీళ్ళు లేకుండా, రెండు చేతులా! ఒరే నెహెమ్యా, ఇలాంటి మనిషున్న ఊరినుంచి చుట్ట తీసుకుపోవాలంటే నాకు మనసొప్పడం లేదు గాని, ఏం చెయ్యను, వచనం నిండలేదు. కొండమీద చెప్తాను, మీ ఓబద్యా పేరు. ఏడాదంతా అక్కడ అందరికీ చెప్తాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. దీనా చాలా మర్యాదగా, "బావగారూ, చెమట పడుతోంది, ఆ దూది తీసెయ్యండి" అంది.

"సబ్బాతమ్మా" అన్నాడు ఓబద్యా, నేల చూస్తూ.

"పట్టీకి సబ్బాతేమిటి? ఊరికే విప్పితే వచ్చేస్తుంది. ఇదిగో మాకు వచ్చేసింది." దీనా చెయ్యి చాపింది. మోచేతి మడతలో చిన్న సూది గుర్తు. పక్కనావిడ చాపింది. అందరూ చాపారు. ఒక వరస చేతులు, ఒక్కోదాని మీద ఒక్కో చుక్క.

హుల్దమ్మ ఆ చేతులు చూసింది. తర్వాత దూది చూసింది. దగ్గరికి జరిగి ముక్కు ఎగబీల్చింది. "పనస వాసనొస్తోందేంటి?"

అక్కడ ఓబద్యాకు రెండు దారులున్నాయి. నోరు మూసుకుంటే కొండమీద ఏడాదంతా పేరు, చుట్ట పోతుంది. నోరు తెరిస్తే పేరు పోతుంది. నేను ఆయన్ని నలభై ఏళ్ళుగా ఎరుగుదును. పేరు వదులుకునే రకం కాదు. చుట్ట పోయినట్టే అని మనసులో రాసేసుకున్నాను. జీవితంలో నా అంచనా అంత ఘోరంగా తప్పింది ఆ ఒక్కసారే.

"ఇది పనసజిగురు" అన్నాడు ఓబద్యా. "దూది నెహెమ్యా దిండులోది."

"ఏమయ్యా! నా దిండా?" అంది దీనా నాతో.

"తర్వాత మాట్లాడదాం" అన్నాను.

ఓబద్యా రెండు చేతులూ పైకెత్తాడు. "రెండు చపాతీలు తిన్నానమ్మా, గుడ్డు వేసి చుట్టినవి. తెల్లారకముందు తిన్నాననుకున్నాను. తెల్లారిందని కోడి కూసింది, కోడి తప్పనుకున్నాను. నియమం మోసే భుజమే లెక్కకొస్తుందని ఇన్నేళ్ళూ నేనే అన్నాను. అదే మాట మీద నిలబడితే, లెక్కకు రావలసింది మొన్న మోసినవాళ్ళు. రానిది మేం."

"మీరు లెక్కలోంచి పోతే మళ్ళీ మొదటికొస్తాం బావగారూ" అంది దీనా. "పెట్టుబడి మాది, భాగస్తులుగా మీరూ ఉండండి. అసలు ఆ ఉపవాసం మొదట పట్టించింది ఎవరట? ఎస్తేరు రాణి. మీసాలున్నాయా ఆవిడకి?"

హుల్దమ్మ నవ్వు ఆపుకుంటూ, "ఓబద్యా, ‘వరకు’ దగ్గర ఆగాను. మిగిలిన మాట నువ్వే అను" అంది.

ఓబద్యా వెనక్కి తిరిగాడు. దీనా ముఖం సూటిగా చూసి, పదో మాట అన్నాడు. ఆ మాట మా ఊళ్ళో చాలాకాలం తర్వాత వినపడింది. అక్కడితో ఆగొచ్చు, కాని వెనకవాళ్ళు ఊరుకోలేదు, మమ్మల్నీ చూడమన్నారు. హుల్దమ్మ మళ్ళీ మొదటి మాట నుంచి ఎత్తుకుంది. వచనం రెండోసారి కూడా ‘యుగాలు’ దాకా వచ్చి, మిగులూ తగులూ లేకుండా ముగిసింది.

చుట్ట తెరిచారు. హుల్దమ్మ చదివింది. చుట్ట రాకముందు మా నాన్న ఎప్పుడూ ఆనుకుని కూర్చునే గోడ వైపు నేను చూడలేదు. చూస్తే ఏడుపొచ్చేది. పక్కన ఓబద్యా చేతులు చూస్తే నవ్వొచ్చేది. రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి.

ఆ రాత్రి చుక్కలు పొడిచాక పూరీము. ఎస్తేరు మావాళ్ళను కాపాడిన కథ చదువుతూ, మావాళ్ళందరినీ చంపించబోయిన మంత్రి హామాను పేరు వచ్చినప్పుడల్లా డబ్బాలు మోగించాలి గదా. దీనా వేరుశనగ నూనె సీసా పట్టుకుని ఓబద్యా పక్కన కూర్చుంది. హామాను పేరు వచ్చినప్పుడల్లా ఒక లాగు. ఆయన కేకలు డబ్బాల మోతలో కలిసిపోయాయి. ఆ ఏడు హామానును మా ఊరు తిట్టినంత గట్టిగా ఇంకెవరూ తిట్టి ఉండరు.

తర్వాతి వారం డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి మగవాళ్ళందరం నిజంగానే పరగడుపున కూర్చున్నాం. కారణం భక్తి అనను. ముందురోజు రాత్రి దీనా గుమ్మం గుమ్మం తిరిగి వంటింటి తాళాలన్నీ పోగుచేసుకుపోయింది.

ఇక లెక్క. రాబడి: చుట్ట ఊళ్ళోనే ఉంది. వచనం ప్రతి శనివారం రెండుసార్లు నిండుతోంది, ఎవరికైనా జ్వరమొచ్చినా ఆగదు. నఫ్తాలికి షుగరు మొదలవుతోందని డాక్టరు ముందే పట్టుకున్నాడు, చెరుకు మానేశాడు, కనీసం పగలు. తేనె రుచి చూసే పని దీనా తన చేతికి తీసుకుంది, ఆ వేలికి నాకన్నా నిక్కచ్చి ఎక్కువ. ఖర్చు: దిండు ఒకటి. ఆ దిండు లేకుండా పడుకుంటున్నది నేను.